పడినవారి రిజిస్టరు

ఒక పెద్ద అడవిలో, అడవి అంత పెద్దది కాబట్టి, ఒక సభ కూడా ఉండేది. పౌర్ణమి పౌర్ణమికి నల్లమద్ది చెట్టు కింద పొద్దున కూడితే సందెవేళకు లేచేది. పన్నెండు వార్డులకు పన్నెండుమంది మెంబర్లు. అధ్యక్షుడు ఘనశృంగుడనే అడవిదున్న. జరిగినదంతా రాసి పెట్టడానికి ఏకపాదం అనే కొంగ గుమాస్తా ఉండేవాడు. ఆయన ఒంటికాలి మీద నిలబడి, రెండో కాలితో రాసేవాడు.

నాలుగో వార్డు మెంబరు సూదమ్మ. ఏదుపంది. వయసు మళ్ళింది, మోకాళ్ళు పట్టేస్తున్నాయి. ఒంటినిండా ముళ్ళున్నాయి గానీ ఎవరినీ గట్టిగా ఒక మాట అన్న పాపాన పోలేదు. వార్డువాళ్ళు ఆమెను ఎన్నుకున్నది ఒకే ఒక్క పని కోసం. వాగు దారిలో ఉన్న గుంత చుట్టూ ముళ్ళకంచె వేయించాలి.

ఆ గుంత తవ్వించింది సభే. వాననీరు ఇంకడానికని మూడేళ్ళ కిందట రెండు నిలువుల లోతున తవ్వించి, అందులో రాళ్ళూ ఇసుకా నింపే సంగతి వచ్చే సమావేశంలో చూద్దామన్నారు. వచ్చే సమావేశంలో ఇప్పపూల ఫలహారం కాస్త ఎక్కువై అందరూ కునుకు తీశారు. గుంత అలాగే ఉండిపోయింది. చుట్టూ గడ్డి పెరిగి, అంచు దాకా వస్తే గానీ కంటికి ఆనదు.

అందుకని సూదమ్మ రోజూ పొద్దునా సాయంత్రం, అందరూ నీళ్ళకు పోయే వేళకు, గుంత అంచున నిలబడేది. ఎవరైనా వస్తున్న అలికిడి అయితే వీపు మీది ముళ్ళు గలగలలాడించేది. "కుడి పక్కకు నాయనా, కుడి పక్కకు" అనేది. రెండేళ్ళలో ఆ గుంతలో చీమ తప్ప ఇంకెవరూ పడలేదు.

ఒక్క పౌర్ణమి రోజే ఆమెకు చిక్కు. ఆ రోజు సభలో ఉండాలి. సభలో ఉంటే గుంత దగ్గర ఉండలేదు. ఆమె అంశాన్ని ఏకపాదం ఎప్పుడూ అన్నిటికంటే చివర, 'అధ్యక్షులవారి అనుమతితో ఇతర విషయాలు' కింద వేసేవాడు. అధ్యక్షుల కొమ్ములకు ఏ నూనె పూయాలి, స్వాగతగీతం కోకిల పాడాలా గోరింక పాడాలా అన్నవి తేలేసరికి ఇప్పపూల బుట్ట వచ్చేది. బుట్ట వచ్చాక కోరం ఉండేది కాదు.

ఆ పౌర్ణమికి సూదమ్మ తెగించింది. బుట్ట ఇంకా దూరంలో ఉండగానే లేచి నిలబడింది.

"అధ్యక్షా! వాగు దారిలో గుంత సంగతండీ. వానలు రాబోతున్నాయి. నీళ్ళు నిండి, పైన ఆకులు పరుచుకుంటే ఇక దేవుడికి కూడా కనపడదు. కంచె మంజూరు చేయండి."

ఘనశృంగుడు నెమరు ఆపాడు. "ఇంతవరకు ఎంతమంది పడ్డారు?"

ఏకపాదం పడినవారి రిజిస్టరు తీశాడు. అట్ట తుడిచి, పేజీలు తిరగేశాడు. "ఎవరూ లేరండి. ఒక్క గీత కూడా పడలేదు. కొత్తది కొత్తదిలాగే ఉంది."

"ఎవరూ పడని గుంతకు కంచె దేనికమ్మా?"

"పడకుండా నేను కాపలా ఉంటున్నాను కదండీ!"

"మరింకేం. ఉండండి."

"నేను ఇక్కడికి వచ్చినప్పుడు అక్కడ ఎవరుంటారండీ?"

ఘనశృంగుడు తల పంకించాడు. "చాలా మంచి ప్రశ్న. లోతుగా ఆలోచించాల్సిన ప్రశ్న. వచ్చే పౌర్ణమికి వాయిదా వేస్తున్నాను. జవాబు వినడానికి మెంబరుగారు తప్పకుండా రావాలి."

ఏకపాదం వంగి ఆమె చెవిలో చెప్పాడు. "పదిహేడో నిబంధన చూడలేదా మెంబరుగారూ? ముగ్గురు పడినట్టు నమోదైతేనే కంచె. ముగ్గురిని చూపించండి, మిగతాది నేను చూసుకుంటా."

సూదమ్మ ఇప్పపూలు కూడా ముట్టకుండా, మోకాళ్ళ నొప్పి మరిచిపోయి వాగు దారి పట్టింది. గుంత దగ్గర చుక్కమ్మ అనే జింక కూర్చుని ఉంది. పక్కన ఆమె కూతురు చిట్టి. పుట్టి రెండు నెలలైనా నిండలేదు. నడక తెలియదు, ఎటు పోయినా పరుగే. ఆ పరుగులో వెనక కాళ్ళు రెండూ గుంతలోకి జారిపోయాయి. ముందు కాళ్ళతో అంచు పట్టుకుని వేలాడితే తల్లి మెడ కరుచుకుని పైకి లాగింది. పిల్ల మోకాలు దోక్కుపోయింది.

"ఎక్కడికి పోయావత్తా?" అంది చుక్కమ్మ.

"నీ పిల్ల గురించి మాట్లాడడానికే పోయానే."

"మాట్లాడావు, సంతోషం. కంచె ఏదీ?"

సూదమ్మ వంగి పిల్ల మోకాలు చూసింది. గుంతకు కంచె కావాలని అడగడానికి వెళ్ళడం వల్లే గుంత దగ్గర ఎవరూ లేకుండా పోయారు. అది తలుచుకుని ఆమె అక్కడే కూర్చుని ఏడ్చింది.

మర్నాడు ఆమె గెంతులయ్యను పిలిచింది. గెంతులయ్య కొండముచ్చు. ఏ కొమ్మ మీంచి పడ్డా దెబ్బ తగలకుండా పడడం అతని గొప్ప. పైగా నలుగురూ చూస్తుంటే మరీ బాగా పడేవాడు.

"మూడుసార్లు పడాలి నాయనా. రిజిస్టరు కోసం."

"మూడేంటక్కా, ముప్పై పడమన్నా పడతా. చూడడానికి ఎవరెవరొస్తారు?"

"కొంగ గుమాస్తా వస్తాడు."

"ఒక్కడేనా?" అని గెంతులయ్య నీరుగారిపోయాడు గానీ, ఒప్పుకున్నాడు. అతని నడుము విరగకుండా సూదమ్మ గుంత అడుగున మోకాలి లోతున పచ్చగడ్డి కోసి పరిచింది. ఉన్నదున్నట్టు మాట్లాడడమే ఎరిగిన ప్రాణం కదా, గడ్డి పరుస్తున్నంతసేపూ చుట్టూ దొంగచూపులు చూసింది.

మొదటిసారి పడడం దివ్యంగా జరిగింది. ఏకపాదం మూడో రోజుకు విచారణకు వచ్చాడు.

"గాయం?"

"లేదు."

"నెత్తురు?"

"అదీ లేదు."

"మరి పైకి ఎలా వచ్చావు?"

"గెంతి."

ఏకపాదం రాసుకున్నాడు. ఏం రాశావయ్యా అని సూదమ్మ అడిగితే చదివి వినిపించాడు. "కొండముచ్చు ఒకరు గుంతలోకి దిగి, తన పని చూసుకుని, పైకి వచ్చిరి."

రెండోసారి గెంతులయ్య పడి, కుంటుతూ లేచాడు. కుంటడం అద్భుతంగా కుంటాడు. వెళ్ళేటప్పుడు ఎడమ కాలు, వచ్చేటప్పుడు కుడి కాలు. కొంగ తల గోక్కున్నాడు. "నమూనాలో ఒక్క కాలికే గడి ఉందమ్మా. ఏ కాలో తేల్చకుండా నమోదు చేస్తే రేపు నా మెడకు చుట్టుకుంటుంది. పైవారిని అడగాలి."

పైవారంటే ఘనశృంగుడే. ఆయన కాగితం చూసి, ఇంత తికమక వ్యవహారం తాను స్వయంగా చూస్తే తప్ప తేలదన్నాడు. ఫలానా రోజు సభ మొత్తం తనిఖీకి వస్తుందని కబురు వచ్చింది.

సూదమ్మ సంబరం ఇంతా అంతా కాదు. సభ మొత్తం చూస్తుండగా గెంతులయ్య మూడోసారి పడితే ఇక కాదనేవాడెవడు? తనిఖీ రోజు తెల్లవారకముందే లేచి, వాడిపోయిన గడ్డి తీసేసి, వాగొడ్డున లేతగడ్డి కోసి, మంచుతడితో నిగనిగలాడుతున్నది మోపులు మోపులుగా గుంతలో వేసింది.

సభ వచ్చేసరికి మిట్టమధ్యాహ్నం అయింది. దారిలో ప్రతి వార్డులోనూ స్వాగతగీతం విని రావాల్సి వచ్చింది. పొద్దుటి నుంచి పాటలే తప్ప మేత లేక ఘనశృంగుడు నీరసంగా ఉన్నాడు. గెంతులయ్య అందరికీ నమస్కారం పెట్టి, పడబోయే ముందు ఒళ్ళు విరుచుకోవడం మొదలుపెట్టాడు.

ఆలోపే ఘనశృంగుడి ముక్కుకు లేతగడ్డి వాసన తగిలింది. ఆయన అంచుకు వచ్చి తొంగి చూశాడు. మెడ చాచాడు. ఇంకాస్త చాచాడు.

"కుడి పక్కకు నాయనా!" అని అలవాటుగా అరిచింది సూదమ్మ. ముళ్ళు గలగలమన్నాయి.

అధ్యక్షులవారు కుడీ ఎడమా చూసుకునే స్థితిలో లేరు. ధబ్బుమని చప్పుడైంది, దుమ్ము లేచింది. కాసేపటికి లోపలి నుంచి నెమరు చప్పుడు వినపడింది. గడ్డి దట్టంగా ఉండబట్టి ఒక్క దెబ్బ తగల్లేదు గానీ, అంత శరీరం పైకి రావడం మాత్రం మాటలా? సభ్యులంతా కలిసి ఒక పక్కన గట్టు తవ్వి, ఏటవాలుగా దారి చేసి, వెనక నుంచి నెట్టి, పొద్దు వాలేసరికి ఆయనను బయటికి తెచ్చారు. సూదమ్మ కూడా నెట్టబోయింది గానీ, ఆమె ముళ్ళు చూసి అధ్యక్షులవారే వద్దన్నారు.

అక్కడికక్కడే అత్యవసర సమావేశం పెట్టారు. ముందు ఏకపాదం జరిగినది చదివాడు. "అధ్యక్షులవారు గుంతను లోపలి నుంచి క్షుణ్ణంగా తనిఖీ చేసిరి."

సూదమ్మ ఉండబట్టలేకపోయింది. "తనిఖీ ఏంటయ్యా! పడ్డారు కదా! మీరంతా చూశారు కదా!"

అందరూ ఆకాశం వైపు చూశారు. ఆకాశంలో ఏమీ లేదు.

"అధ్యక్షులు పడరమ్మా," అన్నాడు ఏకపాదం నెమ్మదిగా. "అధ్యక్షులకు పడే గడి రిజిస్టరులో లేదు."

ఘనశృంగుడు ఒంటి మట్టి దులుపుకున్నాడు. "ఆ గడ్డి అక్కడ వేసిందెవరు?"

గెంతులయ్య పక్క చెట్టు బెరడును చాలా శ్రద్ధగా పరిశీలిస్తున్నాడు. అబద్ధం నాలుక చివరి దాకా వచ్చింది గానీ, అక్కడి నుంచి ఎలా బయటికి తేవాలో సూదమ్మకు తెలియలేదు.

"నేనే," అంది.

ఎందుకు వేసిందో చెప్పబోయింది. చిట్టి మోకాలి సంగతి చెప్పబోయింది. ఎవరూ వినలేదు. తీర్మానాలు చకచకా అయిపోయాయి. మూడేళ్ళలో లేని చురుకు ఆ సభకు ఆ సాయంత్రం వచ్చింది. గడ్డి వేసి గుంతను ప్రమాదకరంగా మార్చినందుకు సూదమ్మ సభ్యత్వం రద్దు. అనుమతి లేకుండా ఏర్పడిన ఏటవాలు దారిని వెంటనే పూడ్చి, గుంతను యథాస్థితికి తేవాలి. ఆ పని మాత్రం చీకటి పడేలోపు అయిపోయింది.

"ఇక శిక్ష," అన్నాడు ఘనశృంగుడు. "ఇవాళ్టి నుంచి సూదమ్మ ప్రతిరోజూ పగలంతా ఈ గుంత పక్కన నిలబడి, వచ్చేపోయేవారిని హెచ్చరిస్తూ ఉండాలి."

సూదమ్మ తలెత్తింది. "పౌర్ణమి రోజు కూడానా అండీ?"

"పౌర్ణమి రోజు కూడా! సభ ఛాయలకు రావడానికి వీల్లేదు!"

సూదమ్మ తల దించుకుంది. సభవాళ్ళు అది సిగ్గనుకున్నారు. మెంబరు కుర్చీ పోయినందుకు ఆమెకు బాధ లేకపోలేదు. వార్డువాళ్ళు నమ్మి ఇచ్చింది అది. అయినా, నవ్వు ఆపుకోవడానికే తల దించుకోవలసి వచ్చింది.

నాలుగో వార్డుకు ఉపఎన్నిక వచ్చింది. గెంతులయ్య నిలబడి గెలిచాడు. కంచె వేయిస్తానన్నాడు. సభలో అతని ప్రసంగాలకు మంచి పేరు వచ్చింది.

వానలు పడ్డాయి. గుంత నిండి, పైన ఆకులు పరుచుకుని, నేలకూ గుంతకూ తేడా తెలియకుండా అయింది. శ్రావణ పౌర్ణమి నాడు సూదమ్మ తుంపరలో తడుస్తూ అంచున నిలబడి ఉంది. నల్లమద్ది వైపు నుంచి చప్పట్లు వినిపించాయి. ఏడాదంతా నాలుగో వార్డులో ఒక్కరూ పడనందుకు సభ తనను తాను అభినందించుకుంటోంది. ఏకపాదం ఖాళీ రిజిస్టరును అందరికీ ఎత్తి చూపిస్తున్నాడట.

ఇంతలో గడ్డిలో పరుగు చప్పుడైంది. సూదమ్మ ముళ్ళు గలగలలాడించింది. చిట్టి కాళ్ళు బిగబట్టి ఆగింది. మోకాలి మీద దెబ్బ మానిపోయింది, కొమ్ములు రావు గానీ పొగరు వచ్చింది.

"అవ్వా, ఇవాళ మీటింగు కదా. నువ్వు పోలేదా?"

"లేదే తల్లీ. ఇవాళ నాకు పనుంది. కుడి పక్కకు పో."

చిట్టి కుడి పక్కనుంచి ఒక్క గెంతు గెంతి వాగు వైపు పోయింది.

నీతి అడిగేవాళ్ళకు నీతి: వార్డు క్షేమంగా ఉండాలంటే, మంచి మెంబరును ఎన్నుకుని, వెంటనే సభ నుంచి వెళ్ళగొట్టించాలి.