రెండు తలలు, ఒక తోక

మంగళవారం పొద్దున మ్యూరియల్ గారడ్ వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదింటి బస్సుకు క్రోమర్‌లో ఉన్న చెల్లెలి దగ్గరికి వెళ్లాలి. తుంటి విరిగి మంచాన పడ్డ ఆవిడకు మూడు రోజులు వండిపెట్టి, శుక్రవారానికి తిరిగి రావాలి. ఈలోగా పిల్లి పస్తులుండకూడదు. భర్త సంగతి ఆమె అంతగా ఆలోచించలేదు. అతనికి రొట్టె, చల్లటి మాంసం అల్మరాలో ఉన్నాయి. పైగా ఆకలేస్తే అతను అరవగలడు.

భర్త లయొనెల్ నార్ఫోక్‌లోని ఆ చిన్న ఊరి బడిలో ప్రకృతి శాస్త్రం చెప్పి రిటైరయ్యాడు. చీమలకు, పురుగులకు, పిట్టలకు, గాలివానలకు ఇంగ్లీషువాళ్లు మరిచిపోయిన పాత పేర్లన్నిటితో ముప్పైయేళ్లుగా ఒక నిఘంటువు రాస్తున్నాడు. రాస్తున్నాడు అంటే, సంతకం పెడుతున్నాడు. చేపల బుట్టల దగ్గరా గొర్రెల దొడ్ల దగ్గరా నిలబడి మాటలు ఏరుకొచ్చింది మ్యూరియల్. ముసలమ్మలు సాలీడును 'ఆటర్‌కాప్' అనడం విని, 'ఆటర్' అంటే విషమనీ 'కాప్' అంటే తలకాయనీ పాత పుస్తకాలు తిరగేసి తేల్చింది ఆమె. చీమకు 'పిస్‌మైర్' అనే పేరు పుట్ట దగ్గర కొట్టే ఉచ్చకంపు వల్ల వచ్చిందని పాదిరీగారి భార్యకు విడమరిచి చెప్పి, ఆ తరువాత ఆ ఇంటి టీ పిలుపులు పోగొట్టుకున్నదీ ఆమే. మొత్తం పదకొండువేల చీటీలు, అన్నీ ఆమె చేతిరాతే. బదులుగా ఆమె అడిగింది ఒక్కటే. అట్ట మీద కాకపోయినా, ముందుమాటలోనైనా తన పేరు.

"చూద్దాంలే," అన్నాడు లయొనెల్, పెళ్లైన కొత్తలో స్కాట్లండు ప్రయాణం గురించి అన్నట్టే.

బస్సుకు టైమైంది. యుద్ధం అయిపోయి పన్నెండేళ్లైనా ఆమెకు కొత్త కాగితం వాడటానికి చేతులు రావు. చేతికందిన ఖాళీ నిఘంటువు చీటీ మీద గబగబా రాసింది: "మాగ్‌సప్. రెండు తలలు, ఒక తోక. తడిగుడ్డలో ఉంచాలి. గురువారానికి కంపు." మాగ్ పిల్లి పేరు. సప్ అంటే సప్పరు, రాత్రి తిండి. తలలూ తోకా అల్మరాలో పెట్టిన కాడ్ చేపవి. చోటు చాలక చీటీ వెనక్కి తిప్పి మరో రెండు ముక్కలు రాసి, బల్ల మీద టీ కుండ కింద పెట్టి వెళ్లిపోయింది. తొమ్మిదేళ్లుగా ఆ పిల్లి ఆ ఇంట్లోనే ఉంది. దాని పేరేమిటని లయొనెల్ ఎన్నడూ అడగలేదు.

శుక్రవారం ఆమె వచ్చేసరికి పిల్లి పక్కింటికి కాపురం మార్చేసింది. అల్మరా లోంచి వస్తున్న వాసన గుమ్మం దాకా ఎదురొచ్చింది.

"చీటీ చూడలేదా?"

"ఏ చీటీ? మిగిలినవాటికి అర్థాలు రాసి చీటీలన్నీ లండన్ పంపేశా. పబ్లిషరు ప్రాణం తీస్తున్నాడు."

"టీ కుండ కింద పెట్టానే, అదీ?"

"అన్నీ అంటే అన్నీ! అది సరే, ఏంటీ కంపు? మనిషన్నవాడు కూచుని పనిచేసుకునే ఇల్లేనా ఇది? ముందా కిటికీలు తెరువు."

ఆమె తెరిచింది.

రెండు నెలలకు ప్రూఫులు వచ్చాయి. అవి చూసేదీ ఆమే. ఒక పేజీ దగ్గర ఆమె చేతిలో పెన్సిలు ఆగిపోయింది. "మాగ్‌సప్: చిత్తడి నేలల్లో తిరిగేదని చెప్పుకునే రెండు తలల, ఒంటి తోక ప్రాణి. తేమ లేనిదే బతకదు. గురువారాలు దుర్వాసన వదులుతుందని ప్రతీతి. గురువారం థోర్ దేవుడి వారం కనుక, ఇది క్రైస్తవం రాకముందటి నమ్మకం కావచ్చు."

మ్యూరియల్ కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వింది. ఆ తడి కళ్లతోనే ముందుమాట తీసింది. పాదిరీగారికి, గ్రంథాలయానికి, టైపు మిషను బాగుచేసినతనికి కృతజ్ఞతలు ఉన్నాయి. చివర్లో "ఇంట్లోని నిశ్శబ్దానికి" కూడా ఉన్నాయి. అంతే.

ఆమె కాగితాలు పట్టుకుని భర్త గదిలోకి వెళ్లింది. "లయొనెల్, ఈ మాగ్‌సప్ ఉంది చూడు..."

"నువ్వు కామాలు చూడు మ్యూరియల్. అర్థాలు నేను చూసుకుంటా."

ఆమె కామాలే చూసింది. మాగ్‌సప్ దగ్గర ఒకటి తగ్గితే పెట్టింది.

వసంతంలో పుస్తకం వచ్చింది. పత్రికలు మిగతా పదకొండువేల మాటలనూ వదిలేసి మాగ్‌సప్‌ను పట్టుకున్నాయి. తనకు తెలియదని ఒక్క పండితుడూ అనలేదు. తమ తాతగారు దాన్ని కళ్లారా చూశారని పాదిరీగారు ప్రసంగంలోనే చెప్పారు. ఊళ్లో సారాయి కొట్టు నడిపే ఆల్ఫ్ స్కీట్ ఇంకో మెట్టెక్కాడు.

"చూడ్డమేంటి మాస్టారూ, మా అయ్య ఒకదాన్ని కర్రతో కొట్టాడు. ఒక తల చస్తే రెండోది బూతులు తిట్టిందంట!"

వారం తిరక్కుండా అతను కొట్టుకు 'మాగ్‌సప్' అని బోర్డు మార్చాడు. గురువారాలు నిలబడటానికి చోటుండేది కాదు. జిల్లా మ్యూజియంవారు అద్దాల పెట్టె ఒకటి ఖాళీ చేసి ఉంచారు. చివరికి లండన్‌లోని ఒక పండిత సభ లయొనెల్‌కు పతకం ప్రకటించింది.

మ్యూరియల్‌కు ఇక నవ్వు రాలేదు. "లయొనెల్, చెప్పేది విను. అది పిల్లి..."

"పిల్లెలా అవుతుంది? జలచరం!" అని అతను అద్దంలో టై సరిచేసుకున్నాడు.

పతకం ఇచ్చే రోజు సభ కిక్కిరిసింది, మ్యూరియల్ కూడా వెళ్లింది. ఉపన్యాసం అయ్యాక మిస్ ఆటలీన్ బ్రాక్ అనే యువ గ్రంథపాలకురాలు లేచింది. "అసలు చీటీ చూడొచ్చాండీ?"

లయొనెల్ గర్వంగా అందించాడు. పబ్లిషరు దగ్గర్నుంచి తెప్పించి దాన్ని అతను అప్పటికే పటం కట్టించాడు. ఆమె పటం వెనక అట్ట ఊడదీసింది.

"వెనకవైపు కూడా రాసుందండీ. 'పాలు పొయ్యకు, విరేచనాలు పట్టుకుంటాయి. తిన్నాక తలుపు తీసి బయటికి వదులు. నీ కుర్చీలో పడుకోనివ్వకు. వెంట్రుకలు దులపలేక చస్తున్నా.'"

వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. ఆ తరువాత గోడలు అదిరాయి. అధ్యక్షుడు పతకం పెట్టెను మెల్లగా జేబులోకి జార్చాడు.

లయొనెల్ ఎర్రబడి లేచాడు. ముప్పైయేళ్లలో మొదటిసారి నలుగురిలో నిజం చెప్పాడు. "ఇదంతా నా భార్య చేసిన పని! ప్రతి చీటీ ఆవిడే రాసింది. పదకొండువేలూ! ఒక్కటంటే ఒక్కటి నా చేతిరాత కాదు, కావాలంటే చూసుకోండి!"

మూడొందల తలలు ఆమె వైపు తిరిగాయి. మ్యూరియల్ లేచి నిలబడాలో అక్కర్లేదో తెలియక చేతిసంచీ సర్దుకుంది.

తిరుగు రైల్లో అతను అడిగాడు. "ముందే చెప్పొచ్చుగా?"

"రెండుసార్లు చెప్పాను."

"గట్టిగా చెప్పాల్సింది."

నెలలోగా పబ్లిషరు మిగిలిన ప్రతులన్నిటిలో ఒక సవరణ చీటీ అంటించాడు. "249వ పేజీలోని 'మాగ్‌సప్' అనే మాటను కొట్టివేయగలరు. ఈ గ్రంథంలోని పదాలన్నిటి సేకరణకూ పూర్తి బాధ్యత శ్రీమతి మ్యూరియల్ గారెట్‌ది."

గారడ్ అని ఉండాలి. ఆ పుస్తకం మొత్తంలో ఆమె ప్రూఫు చూడని కాగితం అదొక్కటే.