చక్రాలకు చింతపండు

“మొన్న చెప్పాను, నిన్న చెప్పాను, ఇప్పుడూ చెబుతున్నాను. ఆ బండి అమ్మేద్దాం,” అన్నాడు వాసుదేవరావు, ఇడ్లీ ముక్కను చట్నీలో ముంచుతూ.

“నేనూ మొన్న చెప్పాను, నిన్న చెప్పాను. అమ్మేది లేదు,” అంది మంగతాయారు, అతని ప్లేటులో ఇంకో ఇడ్లీ వేస్తూ. తగువు వేరు, వడ్డన వేరు అన్నది ఆ ఇంట్లో నియమం.

బండి అంటే కారు వెనక తగిలించుకుని తిరిగే చక్రాల ఇల్లు. లోపల రెండు మంచాలు, ఒక పొయ్యి, ఒక కిటికీ. కరోనా మొదలైన ఆ వసంతంలో మంగతాయారు దాన్ని పాతదే అయినా ముచ్చటపడి కొన్నది. జర్మనీలోని ష్వైన్‌ఫర్ట్‌లో వాళ్ళ అద్దె ఇంట్లో పడకగది వాసుదేవరావు ఆఫీసైంది. హాలు కూతురు గీతిక బడి అయింది. రెండు నెలలు ఉండి పోదామని వచ్చి, విమానాలు ఆగిపోవడంతో చిక్కుకుపోయిన అత్తగారు భానుమతమ్మ సీరియళ్ళతో వంటిల్లు నిండిపోయింది. మంగతాయారుకు మిగిలింది స్నానాల గది. అక్కడా ఎవరో ఒకరు తలుపు కొడుతూనే ఉంటారు.

ఆమె కాకినాడలో పుట్టింది. సముద్రం వినపడే ఇంట్లో పెరిగింది. క్యాంపింగ్ స్థలాలు మళ్ళీ తెరిచారని తెలిసిన రోజే బాల్టిక్ సముద్రతీరాన ఒక వారానికి చోటు పట్టుకుంది. రేపే బయలుదేరాలి. అడ్డం ఒకటే. బండి చక్రాల నట్లు తుప్పు పట్టి చక్రంలో కలిసిపోయాయి. వాటితో రోడ్డెక్కితే ప్రమాదం. కొత్తవి తెప్పించింది కానీ పాతవి ఊడితే కదా! గ్యారేజీవాళ్ళు టెర్మిన్, అంటే రమ్మనే తేదీ, సెప్టెంబరుకు ఇచ్చారు.

“మధ్యాహ్నం న్యూరెంబర్గ్ నుంచి కొనే అతను వస్తున్నాడు. మాటిచ్చాను,” అన్నాడు వాసుదేవరావు.

“నన్నడక్కుండానా? సరే, ఆయన వచ్చేలోపు నేను నట్లు మార్చేస్తే?”

అతను నవ్వాడు. “మార్చెయ్. అప్పుడు నీ ఇష్టం.”

“అత్తయ్యగారూ, విన్నారుగా!”

“విన్నానమ్మా. వాడు చిన్నప్పుడు సైకిలు చైను పడితే ఎక్కించుకోలేక భుజాన మోసుకొచ్చాడు. తనకు నట్లు ఊడకపోతే, ఎవరికీ ఊడవనే అనుకుంటాడు,” అంది భానుమతమ్మ.

వాసుదేవరావు వాదన పెంచలేదు. విజయవాడలో వరసకు మేనకోడలయ్యే అమ్మాయి నిశ్చితార్థం జూమ్‌లో మొదలవబోతోంది. పెద్ద మేనమామ కనుక పైన పట్టు లాల్చీ, జరీ కండువా వేసుకుని, కింద ఇంట్లో వేసుకునే నిక్కరుతోనే కిటికీకి వీపు పెట్టి లాప్‌టాప్ ముందు కూర్చున్నాడు.

మంగతాయారు పెరట్లోకి దిగి రెంచి తగిలించి లాగింది. నట్టు కదల్లేదు. రెంచి మీదకెక్కి తొక్కింది. రెంచి జారి ఆమే కింద పడింది. తుప్పు వదిలించే స్ప్రే కొందామంటే ఆదివారం, దుకాణాలన్నీ మూత. సుత్తితో కొడదామంటే ఆ దేశంలో ఆదివారం చప్పుడు చేయకూడదు. పక్కింటావిడ ఫ్రావ్ క్రెమర్ అప్పటికే కిటికీలో మోచేతులు ఆనించి కాపలా కాస్తోంది.

“ఏమ్మాయ్, ఇత్తడి బిందె చిలుమెక్కితే ఏం చేస్తాం?” అని అడిగింది భానుమతమ్మ మెట్ల మీద నిలబడి.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

లాక్‌డౌన్ అనగానే ఊరంతా టాయిలెట్ కాగితం కోసం కొట్టుకుంటే మంగతాయారు మాత్రం ఏషియన్ షాపులో చింతపండు మొత్తం ఊడ్చుకొచ్చింది. సగం తీసి పెద్ద గిన్నెలో ఉప్పు వేసి ఉడకబెట్టారు. గుజ్జు వేడివేడిగా తెచ్చి నట్ల మీద దట్టంగా పట్టించారు.

“అమ్మా, దస్ గేట్ గార్ నిష్ట్! కుదరదు ఇది! ఎవరైనా చూస్తే నా పరువేం కావాలి?” అంది గీతిక.

“నీ పరువు మాస్కు వెనక భద్రంగానే ఉందిలే. ఆ గరిటె ఇలా ఇయ్యి.”

పెరడు వీధివైపు కొంచెం వాలుగా ఉంటుంది. గుజ్జు పల్చబడి, తుప్పు కలుపుకుని, నల్లగా చారలు కట్టి, నిదానంగా వీధి కాలువవైపు నడిచింది. ఫ్రావ్ క్రెమర్ దాన్ని చూసి నూనె అనుకుంది. మట్టిలోకి ఒక్క చుక్క నూనె ఇంకినా ఊరి మంచినీళ్ళు పాడైపోతాయని బడిలో నేర్చుకున్న మనిషి. ఆమె ఫోను తీసింది.

కాసేపటికి ఫైరింజను వచ్చింది.

విజయవాడలో లగ్నపత్రిక చదువుతున్న పంతులుగారు హఠాత్తుగా ఆగిపోయారు. “బావగారూ,” అన్నారు పెళ్ళికూతురి తండ్రి తెరలోంచి, “మీ వెనక అదేమిటి, ఎర్రగా?”

వాసుదేవరావు వెనక్కి తిరిగి కిటికీలోంచి చూశాడు. లాప్‌టాప్‌ను అలాగే వదిలేసి పరిగెత్తాడు. మేనమామ నిక్కరును రెండు వంశాలవాళ్ళూ ఆ రోజు మొదటిసారి చూశారు.

పెరట్లో ఫైర్‌వాళ్ళు నల్లటి ధార మీద నూనె పీల్చుకునే పొడి చల్లుతున్నారు. వాళ్ళ అధికారి మాస్కు సర్దుకుని, దూరం పాటిస్తూ, ఇదేం ద్రవమని అడిగాడు. గీతిక అటూ ఇటూ తర్జుమా చేసింది.

“తినేదేనని చెప్పు. పులుసులో వేస్తామను,” అంది మంగతాయారు.

“తినేదాన్ని చక్రానికి ఎందుకు పెట్టారని అడుగుతున్నాడు.”

“తుప్పు వదలడానికి.”

అధికారి గీతికను ఇంకో ప్రశ్న అడిగాడు. ఇనుము తుప్పును వదలగొట్టేదాన్ని వీళ్ళు కడుపులోకి ఎలా పంపిస్తున్నారన్నది అతని అనుమానం.

“ఏమంటున్నాడే?” అంది భానుమతమ్మ.

“మనం తినేది విషమేమోనంటున్నాడు నానమ్మా.”

అంతే! గోదావరి జిల్లాలో పులుసుకు పేరుపడ్డ మనిషి భానుమతమ్మ. “విషమా? ఇలా చూడరా నాయనా,” అని గిన్నెలోంచి వేలితో ఇంత గుజ్జు తీసి, మాస్కు కిందికి లాగి, చప్పరించి, చప్పుడు చేస్తూ మింగింది.

ఫ్రావ్ క్రెమర్ కెవ్వున కేక వేసింది. ఆమె కంటికి కనిపించింది ఒకటే. నూనె పట్టుబడేసరికి పాపం ముసలావిడ సాక్ష్యాన్ని మింగేసింది. మళ్ళీ ఫోను తీసింది. ఈసారి అంబులెన్సు వచ్చింది. ఇద్దరు మనుషులు తల నుంచి కాళ్ళ దాకా కప్పుకుని దిగారు.

కిటికీకి ఎదురుగా ఉన్న లాప్‌టాప్ ఇదంతా నిజాయితీగా విజయవాడకు చేరవేసింది. “అయ్యో, అత్తయ్యకి కరోనా!” అని ఒకరు ఏడుపు అందుకున్నారు. నిశ్చితార్థం ఆపాలా వద్దా అని చర్చ మొదలైంది. వాసుదేవరావు జేబులో ఫోను మోగింది.

“అమ్మకి కరోనా కాదు!” అని అరిచాడతను. “చింతపండు! ... లేదు, ఆ పేరుతో కొత్త జబ్బేమీ రాలేదు! మామూలు చింతపండే!”

అంబులెన్సువాళ్ళు భానుమతమ్మను మెట్ల మీద కూర్చోబెట్టి బీపీ చూశారు. ఎక్కువుందన్నారు.

“మీరు వెళ్ళిపోతే తగ్గుతుందని చెప్పవే,” అంది ఆమె మనవరాలితో.

సరిగ్గా అప్పుడే న్యూరెంబర్గ్ కారు సందు మలుపు తిరిగింది. కొనే అతనికి ముందు ఫైరింజను కనిపించింది, తర్వాత అంబులెన్సు, ఆ తర్వాత పట్టు లాల్చీ, నిక్కరు వేసుకుని చేతులు ఊపుతూ తనవైపే పరిగెత్తుకొస్తున్న మనిషి. అద్దం పైకెత్తాడు. వచ్చిన దారినే వెనక్కి పోయాడు.

వాసుదేవరావు రొప్పుతూ తిరిగొచ్చాడు. “చూశావా? అంతా నీ వల్లే! ఊళ్ళో పరువు పోయింది, విజయవాడలో పోయింది, బేరం కూడా పోయింది! ఆ రెంచి అక్కడ పడేసి లోపలికి రా!”

ఫైర్ అధికారి కూడా, ఇక చాలించమన్నట్టు అరచెయ్యి చూపించాడు. ఆదివారమని ఫ్రావ్ క్రెమర్ కిటికీలోంచి గుర్తు చేసింది. “అమ్మా, బిట్టే! ప్లీజ్!” అంది గీతిక. మూడు భాషలూ ఒక్క విషయంలో ఏకమయ్యాయి.

మంగతాయారు అందరివైపూ ఒకసారి చూసింది. “ఊడకపోతే నేనే లోపలికి వస్తాను. ఊడదని మీరెవరూ చెప్పక్కర్లేదు,” అంది. గుడ్డతో గుజ్జు తుడిచింది. రెంచి తగిలించింది. బండి గోడ పట్టుకుని, చీర కుచ్చెళ్ళు బొడ్లో దోపి, రెండు కాళ్ళతో దాని మీదకెక్కి, నాలుగు నెలలుగా స్నానాల గది తలుపు మీద పడిన ప్రతి దెబ్బనూ తలుచుకుని తొక్కింది.

టప్పున పేలినట్టు చప్పుడైంది. అధికారి ఒక అడుగు వెనక్కి వేశాడు. నట్టు తిరిగింది.

చింతపండు మహిమో, కోపం మహిమో తేల్చడానికి ఎవరూ ముందుకు రాలేదు. ఆమె దాన్ని ఊడదీసి, కొత్తది బిగించి, ఆ తర్వాతే రెండోదానికి వెళ్ళింది. అలా ఒకటొకటిగా చక్రం పూర్తి చేసి అటువైపు చక్రానికి నడిచింది. కదిలిన ప్రతి నట్టుకూ భానుమతమ్మ మెట్ల మీద నుంచి “ఊఁ” అంది. పని ముగిసిన ఫైర్‌వాళ్ళు కూడా వెంటనే వెళ్ళలేదు. ఫ్రావ్ క్రెమర్ మోచేతుల కింద దిండు పెట్టుకుంది.

చివరి నట్టు బిగించాక మంగతాయారు చేతులు కడుక్కుని లోపలికి వెళ్ళింది. లాప్‌టాప్ ఇంకా వెలుగుతూనే ఉంది. తెర నిండా బంధువులు, అందరూ ఒకేసారి మాట్లాడుతున్నారు. వెనకాలే వాసుదేవరావు, గీతిక, భానుమతమ్మ వచ్చి నిలబడ్డారు. ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది. ఒక మీట నొక్కి, నెమ్మదిగా, కూరలో ఉప్పు సరిపోయిందని చెప్పే గొంతుతో అంది:

“అత్తయ్యగారు బాగున్నారు. రేపు పొద్దున్న మేము ముగ్గురం సముద్రానికి వెళుతున్నాం. బండి నేనే నడుపుతాను. నట్లు కొత్తవి కాబట్టి యాభై కిలోమీటర్లు పోయాక ఆగి మళ్ళీ బిగిస్తాను. ఈయన రావాలనుకుంటే వెనక సీటు ఖాళీగా ఉంది.”

తెర మీద నోళ్ళన్నీ ఇంకా జోరుగా కదిలాయి. ఆమె నొక్కింది వాళ్ళ గొంతులు ఇటు వినపడకుండా చేసే మీట.