‘సండే స్కూల్’ పాత సభ్యులకు మనవి

ఆ శనివారం ఉదయానికి వెర్లిన్ స్టాడర్డ్ వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. పాత జట్టు వస్తుంది, బండి మీది గుడ్డ తీస్తారు, ఇంజన్ ఒక్కసారి మోగిస్తారు, తలో ముక్క పీచ్ పండ్ల తీపిరొట్టె తిని మధ్యాహ్నానికి ఇళ్ళకు పోతారు. డెల్మార్ కూడా వస్తే బాగుండును. ఈ చివరి సంగతి వెర్లిన్ పైకి అనలేదు గాని, బండిని బాగుచేస్తూ ఆయన షెడ్డులో ఇన్నేళ్ళుగా పడ్డ పాట్లన్నీ దాని కోసమేనని భార్య నోరీన్‌కు తెలుసు.

బండి పేరు ‘సండే స్కూల్’. బేకర్స్‌ఫీల్డ్ పక్క బాదం తోటల్లో, అందరూ కుర్రాళ్ళుగా ఉన్నప్పుడు కట్టుకున్న డ్రాగ్‌స్టర్. పావు మైలు నేరుగా దూసుకుపోవడం తప్ప దానికి మరో విద్య రాదు. పొడుగాటి సన్నని ముక్కు, ఆ వెనక ఇంజన్, ఇంజన్‌కు వెనక డ్రైవరు, అందరికీ వెనక బండిని ఆపడానికి ఒక పారాచూట్. పందేలు ఆదివారాలు జరిగేవి. ఎక్కడికిరా అని అమ్మలు అడిగితే అబద్ధం చెప్పనక్కర్లేకుండా, చర్చిలో ఆదివారం పిల్లలకు నడిపే బైబిలు బడి పేరే పెట్టారు. వెర్లిన్ నడిపేవాడు, డెల్మార్ ఇంజన్ చూసేవాడు, హ్యాస్కెల్ వెనక నుంచి పికప్‌తో తోసేవాడు. స్టార్టరు లేని బండి మరి, తోస్తేనే రాజుకుంటుంది. అరవై తొమ్మిదిలో ఒక ఫైనల్లో అది దారి తప్పి గడ్డిమోపుల్లో దూరింది. ఆ సాయంత్రం అనుకున్న మాటలే వెర్లిన్, డెల్మార్ ఆఖరుసారి మాట్లాడుకున్న మాటలు.

ఇప్పుడు వెర్లిన్ ఫోన్ చేస్తే డెల్మార్ ఎత్తడు. ఇంటికి వెళితే కుక్క తప్ప ఎవరూ బయటికి రారు. అయినా వెర్లిన్ పట్టు వదల్లేదు. డెల్మార్ రోజూ పొద్దున్నే తోటపనుల రేడియో వింటాడని హ్యాస్కెల్ చెప్పగా, ఆ రేడియోకే ఫోన్ చేశాడు. సండే స్కూల్ పాతవాళ్ళంతా శనివారం, మందు చల్లే విమానాల పాత రన్‌వే దగ్గర కలుస్తున్నారని చెప్పమన్నాడు. అక్కడ కొత్తగా చేరిన అమ్మాయి ఎంతో శ్రద్ధగా రాసుకుంది. మర్నాడు ఆమె ఆ కబురుకు తన మంచి మనసు కొంచెం కలిపి, పిల్లలను తీసుకురండి, తలో వంటకం పట్టుకురండి అని కూడా చెప్పింది.

శనివారం రన్‌వే మీద మొదట కనిపించింది చర్చి బస్సు. అందులోంచి పాటల బృందం దిగింది. వెనక కార్లు, కార్లలోంచి మనవలు, బామ్మలు, బంగాళాదుంప సలాడ్ గిన్నెలు. పక్క ఊరి చర్చి నుంచి పాస్టర్ ట్విల్లీ వచ్చి వెర్లిన్ చేతులు రెండూ పట్టుకుని, ఇన్నేళ్ళ తర్వాత పాత విద్యార్థులను కలపాలన్న బుద్ధి పుట్టించినందుకు దేవుణ్ణి స్తుతించారు. అరగంటలో రన్‌వే ఎడమ పక్కన బల్లలు వరసగా లేచాయి. దారి పొడవునా కార్లు నిలిచిపోయాయి.

నోరీన్ మొగుణ్ణి పక్కకు లాగింది.

“ఇది చర్చి కాదని చెప్తావా, నన్ను చెప్పమంటావా?”

“డెల్మార్ వచ్చేదాకా ఎవరూ ఏమీ చెప్పొద్దు. వీళ్ళు తిరిగిపోతుంటే దారిలోనే చూసి వాడూ వెనక్కి తిరుగుతాడు.”

“వాడు రాకపోతే?”

“వస్తాడు,” అన్నాడు వెర్లిన్. ఎందుకొస్తాడో ఆయనకూ తెలియదు.

ఈలోగా పాస్టర్ ఆయన్ను బల్ల ఎక్కించి, సండే స్కూల్ తన జీవితానికి ఏమిచ్చిందో నాలుగు మాటలు సాక్ష్యం చెప్పమన్నారు. దిగడానికి దారిలేక వెర్లిన్ గొంతు సవరించుకుని, నిజమే చెప్పాడు. తన జీవితంలో మంచి రోజులన్నీ సండే స్కూల్‌లోనే గడిచాయన్నాడు. అందులో ఒకసారి చేతులు కాలాయని, ఒకసారి తలకిందులయ్యానని, ఐనా మర్నాడే మళ్ళీ ఎక్కానని చెప్పాడు. బామ్మలు ఆమెన్ అన్నారు. అందులో తనకు దొరికిన మంచి స్నేహితుణ్ణి తన నోటి దురుసుతోనే పోగొట్టుకున్నానని కూడా చెప్పాడు.

సరిగ్గా అప్పుడే జనం వెనక, నలిగిన టై కట్టుకుని, చేతిలో బీన్స్ గిన్నెతో డెల్మార్ కనిపించాడు. చర్చి భోజనమని చెప్పి భార్య ఐవా వెంటబెట్టుకొచ్చింది. వెర్లిన్ ఇంకేమీ ఆలోచించలేదు. బల్ల దిగి, పక్కనే ఉన్న బండి మీది గుడ్డ ఒక్క లాగుతో లాగేశాడు. ఎర్రటి బండి, పక్కన బంగారు రంగు అక్షరాల్లో ‘సండే స్కూల్’. జనం అక్షరాలు చదివారు, చక్రాలు చూశారు, పాస్టర్ వంక చూశారు. పాస్టర్ తన చేతిలోని పళ్ళెం వంక చూసుకున్నారు.

డెల్మార్ గిన్నె భార్య చేతిలో పెట్టాడు.

“ఇది నీకు ముందే తెలుసా?”

“పెళ్ళైనప్పటి నుంచి నువ్వు నిద్రలో పలవరించే పేరు నాకు తెలియదా?” అంది ఐవా.

అతను విసవిసా కారు దగ్గరికి నడిచాడు. ముందు మూడు కార్లు, వెనక అప్పుడే వచ్చి చేరినవి మరిన్ని. కదిలే దారి లేదు. వచ్చి కుర్చీలో చేతులు కట్టుకుని, బండికి వీపు పెట్టి కూర్చున్నాడు.

వెర్లిన్ పని మొదలుపెట్టాడు. హ్యాస్కెల్ పికప్ కూడా ఆ కార్ల మధ్యే ఇరుక్కుంది కాబట్టి తోయడానికి దిక్కులేదని తేలింది. ముందు వరసలో అడ్డు లేకుండా ఉన్నది చర్చి బస్సు ఒక్కటే. వెర్లిన్ వెళ్ళి పాస్టర్‌ను అడిగాడు. ఇంత దూరం వచ్చాక వట్టి చేతులతో పోవడం తనకూ ఇష్టం లేదన్నారు. అంతకన్నా పెద్ద చిక్కు మరొకటి వచ్చింది. వెర్లిన్ మోకాళ్ళు రెండూ మార్పించినవి. షెడ్డులో అయితే గొలుసు కప్పీకి వేలాడుతూ సీట్లోకి దిగేవాడు. రన్‌వే మీద కప్పీ లేదు. ఒక కాలు లోపల, ఒక కాలు బయట పెట్టుకుని ఆయన అలాగే ఆగిపోయాడు. హ్యాస్కెల్‌ను కూర్చోమందామంటే అతని పొట్ట పట్టే సీటు ఇంకా ఎవరూ చెయ్యలేదు.

వెనక నుంచి డెల్మార్ గొంతు వినిపించింది.

“మాగ్నెటో వైరు అటు కాదు, ఇటు. ఇప్పటికీ నేర్చుకోలేదు.”

ఎప్పుడు లేచి వచ్చాడో, టై చివర చొక్కాలో దోపుకుని ఇంజన్ మీదికి వంగి ఉన్నాడు. మనిషి ఇప్పటికీ చువ్వలా ఉన్నాడు.

“కూర్చో,” అన్నాడు వెర్లిన్.

“ఆ రోజుల్లో ఒక్కసారి కూర్చుంటానంటే వద్దన్నావు.”

“అన్నాను. తప్పే. కూర్చోరా.”

డెల్మార్ హెల్మెట్ పెట్టుకున్నాడు. పాస్టర్ బస్సు ఎక్కారు, వెంట పాటల బృందం కూడా ఎక్కేసింది. బస్సు ముక్కు బండి తోకకు ఆనింది, కదిలింది, వేగం అందుకుంది. రన్‌వే సగంలో ‘సండే స్కూల్’ తుమ్మింది, దగ్గింది, మరుక్షణం భూమి బద్దలైనట్టు గర్జించింది. తోటలో పక్షులన్నీ ఒక్కసారి లేచాయి. ఇంధనంలోని నైట్రో ఘాటు పొగ జనం మీద పరుచుకుని, ఉన్నవాళ్ళందరి కళ్ళల్లోంచి నీళ్ళు ధారలు కట్టించింది.

డెల్మార్ స్టీరింగ్ నేరుగానే పట్టుకున్నాడు. బండి మాత్రం ఎడమకు పోయింది. కుడికి తిప్పాడు, ఇంకా ఎడమకే పోయింది. బల్లలు ఎదురొచ్చాయి. అదృష్టవశాత్తూ జనమంతా చూడటానికి అవతలి పక్కకు చేరారు. కంగారులో అతను చేతికందిన పిడి లాగాడు. పారాచూట్ విచ్చుకుని వెనక వస్తున్న బస్సు అద్దాన్ని నిండా కప్పేసింది. కళ్ళ ముందు తెల్లటి వెలుగు తప్ప ఏమీ కనిపించక పాస్టర్ రెండు కాళ్ళతో బ్రేకు తొక్కి, బాదం చెట్ల మధ్య భద్రంగా ఆగారు. డ్రాగ్‌స్టర్ సలాడ్ బల్ల, తీపిరొట్టెల బల్ల దాటి, బీన్స్ బల్ల దగ్గర ఊపిరి విడిచింది.

వెర్లిన్ కుంటుకుంటూ పరుగెత్తాడు. డెల్మార్ హెల్మెట్ తీసి, కనుబొమ్మ మీది బంగాళాదుంప ముక్క తుడుచుకున్నాడు. చాలాసేపు ముందు చక్రాల వంకే చూశాడు.

“ఎడమకు లాగుతోంది,” అన్నాడు మెల్లగా.

గడ్డిమోపుల రోజు నుంచి వెర్లిన్ మొత్తుకున్నది ఆ ముక్కే. బండిలో లోపం లేదు, వణికినవి నీ చేతులేనని ఆ రోజు డెల్మార్ అన్నాడు. ఈ క్షణం వస్తే ఏమనాలో వెర్లిన్ ఇన్నేళ్ళుగా ఎన్నో మాటలు కూర్చి పెట్టుకున్నాడు. అవన్నీ వదిలేసి డెల్మార్ మీదికి వంగాడు.

“దెబ్బ తగిలిందా?” అన్నాడు.

“లేదు. ఇరుసు వంకర. తప్పు నాదే, నేను బిగించిందే. మంగళవారం వచ్చి చూస్తాను.” మళ్ళీ, “ఆ రోజే కూర్చోనిచ్చి ఉంటే అప్పుడే తెలిసేది కదరా,” అన్నాడు. వెర్లిన్ తల ఊపి, అతను లేవడానికి చెయ్యి అందించాడు. లాగబోయి తనే సగం వంగిపోతే, చివరికి ఇద్దరినీ నోరీన్, ఐవా కలిసి నిలబెట్టారు.

పాస్టర్ ట్విల్లీ చెట్లలోంచి నడిచొచ్చారు. కళ్ళు తుడుచుకుంటున్న జనాన్ని ఆ చివర నుంచి ఈ చివరదాకా పరికించి చూశారు. తన ఉపదేశాలకు ఒక్కరి కన్నైనా చెమర్చగా ఎన్నడూ చూడలేదని ఒప్పుకుని, వచ్చే నెల కూడా రేడియోలో చెప్పించమన్నారు. బల్లలు మాత్రం ఈసారి కుడివైపు వేయిస్తామన్నారు.