మాటల్లోనే మంచం

లోకంలోని సకల బాధలకూ మందు మైనం అద్దకపు గుడ్డలోనే ఉందని మా అక్రా నగరం ఎప్పుడో తేల్చి పారేసింది. పెళ్ళికొక గుడ్డ, చావుకొక గుడ్డ, పుట్టిన బిడ్డను ఎనిమిదో రోజు పొద్దున్నే ఆరుబయటికి తెచ్చి పేరు పెట్టడానికొక గుడ్డ, శుక్రవారం ఆఫీసుకొక గుడ్డ. మిగిలిపోయింది దయ ఒక్కటే. ఇంత పెద్ద నగరంలో దయ ఒంటి మీద నూలుపోగు లేకుండా తిరుగుతోందే అని కొందరు పెద్దమనుషులు కలత చెందారు. ఆ కలతలోంచి పుట్టిందే ‘కరుణ కట్టుకో’ ఫౌండేషన్.

వారి సిద్ధాంతం సులువైనది. పేదవాడి చేతిలో నేరుగా నాలుగు సెడీలు పెడితే, పెట్టినవాడు ఆ క్షణంలో ఎంత అందంగా ఉన్నాడో లోకానికి తెలియదు. అదే ఒక గుడ్డ కొని, కుట్టించుకుని, తొడుక్కుని తిరిగితే వీధి మొదట్లోనే దయ కనిపిస్తుంది. ఛైర్‌పర్సన్ మేడమ్ ఆరబెల్లా ఒడొంకోర్ గారు ప్రారంభ సభలో తలకట్టు సర్దుకుంటూ ఈ మాటే చెప్పారు. (ఆ తలకట్టు ఎత్తు వల్ల వెనక కూర్చున్నవారికి వేదిక కనిపించలేదు. దయ మాత్రం బాగా కనిపించిందని మర్నాడు పత్రికలు రాశాయి.)

ఫౌండేషన్ మొదటి పథకం మా పేట ప్రసూతి కేంద్రానికి మంచాలు. మా పేట సముద్రం ఒడ్డున, చేపలకు పొగబెట్టే పొయ్యిల మధ్య ఉంటుంది. అక్కడ కాన్పులు ఎక్కువ, మంచాలు తక్కువ. ముందొచ్చినవాళ్ళకు మంచం, తర్వాతొచ్చినవాళ్ళకు గచ్చు. మా చెల్లెలు కోర్‌కోర్ మొదటి కాన్పుకు తర్వాతొచ్చింది. వానాకాలం, గచ్చంతా చెమ్మ. ఆ బిడ్డకు పేరు పెట్టే రోజు రానేలేదు. ఇప్పుడు కోర్‌కోర్‌కు మళ్ళీ నెలలు నిండుతున్నాయి. ఇంతకుమించి నేను చెప్పను. పత్రికవారు ఈ చోటు నాకు నవ్వించడానికి ఇచ్చారు.

గుడ్డ నమూనా కోసం ఒక ఉపసంఘం వేశారు. నీలం మీద పసుపుపచ్చ ఇనుప మంచాలు, వరుసలు వరుసలుగా. ప్రతి మంచానికీ ఒక దిండు. ఆఫ్రికా స్ఫూర్తి సరిపోలేదని ఒక సభ్యురాలు అభ్యంతరం చెప్పడంతో ప్రతి దిండు మీదా ఒక తాటిచెట్టు వేశారు. దానికి ‘మాతృమూర్తి మహోన్నత మందహాస వారసత్వ వస్త్రం’ అని నామకరణం చేశారు. ఈ పేరు ఒక్క ఊపిరిలో చెప్పగలిగినవారు ఫౌండేషన్‌లోనే లేరు.

అసలు తప్పు అక్కడే జరిగింది. అక్రాలో గుడ్డకు పేరు పెట్టేది ఆఫీసు కాదు, మకోలా బజారు. బజారులో గుడ్డలమ్మే ఆడవాళ్ళు విప్పి చూసి, నవ్వుకుని, నాలుగు మాటలనుకుని పేరు పెడతారు. ‘అత్తగారి కన్ను’, ‘సవతికి నిద్ర పట్టలేదు’, ‘నువ్వడిగావు నేనిచ్చాను’, ఇలా ఉంటాయి ఆ పేర్లు. కట్టుకున్న మనిషి నోరు విప్పక్కర్లేదు, చెప్పాల్సింది గుడ్డే చెప్పేస్తుంది. పేరు పడని గుడ్డను మాత్రం ఎవరూ ముట్టుకోరు. అందుచేత మహోన్నత మందహాసం కట్టలు కట్టలుగా అలాగే పడి ఉంది.

ఫౌండేషన్ శైలి అధికారి ఫీఫీ ఎసిల్ఫీ గారు స్వయంగా బజారుకు వచ్చారు. ఆ పూట నేను అక్కడే ఉన్నాను. గుడ్డల వ్యాపారంలో అందరికీ పెద్దదిక్కు ఆయెలే ఆంటీ. ఆవిడ కెంకే ముద్ద తింటూ ఎడమచేత్తో గుడ్డ విప్పి చూసింది.

“ఇన్ని మంచాలేంది బాబూ, హోటలా?”

“పేద తల్లులకిచ్చే మంచాలండీ ఆంటీ.”

“ఇచ్చారా మరి?”

“ఇస్తామండీ. ముందు గుడ్డ అమ్ముడుపోవాలి కదా.”

“అంటే మంచం మాటల్లోనే ఉందన్నమాట.”

పక్క కొట్టావిడ పగలబడి నవ్వింది. “అచ్చం మా ఆయన లాగే! మాటల్లోనే మంచం, ఎక్కితే గురక!”

బజారు ఆ చివర దాకా నవ్వు పాకింది. గుడ్డకు పేరు పడిపోయింది. ఫీఫీ గారికి మా పేటవాళ్ళు మాట్లాడే గా భాష అంతంతమాత్రం. తన మాట ఆడవాళ్ళకు అంత నచ్చిందా అని మురిసిపోయి, ఆంటీకి నమస్కారం పెట్టి వెళ్ళిపోయారు.

తర్వాత జరిగింది నగర చరిత్రకెక్కదగినది. ఆ ఆదివారం చర్చిల్లో ఆడవాళ్ళలో చాలామంది ‘మాటల్లోనే మంచం’ కట్టుకొచ్చారు. మొగుళ్ళు పక్కన కూర్చుని పాటల పుస్తకంలో తలలు దూర్చారు. మా వీధి మేస్త్రీ ఒకాయన భార్య కాళ్ళావేళ్ళా పడ్డాడు, ఈ ఒక్క వారం పాత గుడ్డ కట్టుకోవే అని. కట్టలు కరిగిపోయాయి. ఫౌండేషన్ ఒక ప్రకటన విడుదల చేసింది: “నగర వివాహిత మహిళల్లో పేద తల్లుల పట్ల అనూహ్యమైన సానుభూతి పెల్లుబికింది.” (సానుభూతి నిజమే. ఎవరి మీద అన్నదే తేలాలి.)

గుడ్డ ఇంత అమ్ముడుపోయింది కదా, మంచాలు రావాలి కదా. కోర్‌కోర్ నన్ను రోజూ పొడుస్తూనే ఉంది. “అన్నా, పేపర్లో రాసేవాడివి, పెద్దోళ్ళు తెలుసంటావు. వెళ్ళి అడగరాదూ? నాకు రంగులొద్దు, తాటిచెట్లొద్దు. గచ్చుకి కాస్త ఎత్తుగా, పొడిగా ఉండేది ఒకటి చాలు.”

వెళ్ళాను. గేటు మీద ‘ఆఫ్రికా స్ఫూర్తితో వ్యక్తిగత శైలి, వ్యక్తిగత శైలితో పరోపకారం’ అని రాసి ఉంది. ఫీఫీ గారు నన్ను గుమ్మంలోనే ఆపేశారు.

“సారీ సార్. మీ దుస్తుల్లో ఆఫ్రికా స్ఫూర్తి లేదు.”

“నేను ఆఫ్రికావాణ్ణే కదయ్యా. ఈ రోడ్డుకి అవతల పుట్టాను.”

“పుట్టుక వేరు, స్ఫూర్తి వేరు సార్. మీరు ఆఫ్రికావారని ఒప్పుకుంటాం. దాన్నుంచి స్ఫూర్తి పొందినట్టు ఆధారం ఏదీ?”

నా తెల్లచొక్కాలో ఆధారం దొరకలేదు. నాలాంటి అభాగ్యుల కోసం కౌంటరు దగ్గర ఒక కండువా అద్దెకిస్తారట. స్ఫూర్తిని భుజం మీద వేసుకుని లోపలికి వెళ్ళి మంచాల సంగతి అడిగాను.

“మంచాల నిధి క్షేమంగా ఉంది సార్. రెండో అచ్చులో ఉంది.”

“అంటే?”

“గుడ్డకి గిరాకీ ఎక్కువైంది కదా. ఆ నిధితో మళ్ళీ గుడ్డ వేయించాం. ఈ దశలో మంచాలు కొంటే గుడ్డ ఆగిపోతుంది. గుడ్డ ఆగితే కరుణ ఆగిపోతుంది. కరుణ ఆగితే మంచాలు ఎలా ఇస్తాం, మీరే చెప్పండి?”

నాకు ఒళ్ళు మండిపోతోంది, కండువా దులుపుకుని లేచొద్దామంటే అది అద్దెది. అంతలో ఆయన ఒక వరం ఇచ్చారు. ఫౌండేషన్ వార్షిక విందుకు ఒక ‘కృతజ్ఞతా ప్రతినిధి’ కావాలి. నిండు గర్భిణి అయితే శ్రేష్ఠం. మీ చెల్లెలు వస్తే మేడమ్ గారి కంట పడుతుంది, ఆపైన మీ అదృష్టం అన్నారు.

కోర్‌కోర్ వెళతానంది. నేను వద్దన్నాను. “వాళ్ళెదురుగా నిలబడితేనన్నా సిగ్గుపడతారేమోలే” అంది పిచ్చిది. ప్రతినిధి కట్టుకోవాల్సిన గుడ్డ ప్రతినిధే కొనుక్కోవాలని నియమం. అదీ కొనుక్కుంది.

విందులో వేదిక మీద నిజమైన మంచం ఒకటి వేశారు. ఇనుపది, కొత్త పరుపుతో, నాలుగు వైపులా మంచాల గుడ్డ వేలాడదీసి. మేడమ్ ఆరబెల్లా గారు దాని మీద కూర్చుని ఫొటోలు దిగారు. పక్కన భర్త డాక్టర్ ఒడొంకోర్ గారు (ఏ వైద్యమూ తెలియని గౌరవ డాక్టరు) అదే గుడ్డతో కుట్టించిన పొడవాటి అంగీలో నిలబడ్డారు. దంపతులిద్దరూ నిలువెల్లా ‘మాటల్లోనే మంచం’. హాల్లో ఆడవాళ్ళు చేతి రుమాళ్ళు నోట్లో కుక్కుకున్నారు. కోర్‌కోర్‌ను మంచం పక్కన నిలబెట్టారు. నిండు నెలల మనిషి, కాళ్ళు వాచి ఉన్నాయి. అది కెమెరాల వంక చూడకుండా పరుపును అరచేత్తో నొక్కి చూస్తోంది. తలెత్తి మేడమ్ గారినే అడిగేసింది.

“మేడమ్, ఈ మంచం మా ఆసుపత్రికి ఎప్పుడొస్తుందండీ?”

మేడమ్ ఫీఫీ వంక చూశారు. ఆయన కోర్‌కోర్ వైపు వంగి, “ఇది అద్దె మంచమమ్మా, రేప్పొద్దున ఇచ్చేయాలి” అన్నారు మెల్లగా.

మైకు ఆన్‌లోనే ఉంది. అందరికీ వినిపించింది. మేడమ్ గారికి సభ నడపడం కొత్త కాదు. వెంటనే నవ్వుతూ మాట మార్చారు. “మన గుడ్డకి బజారులో ముద్దుపేరేదో పెట్టారటగా! నువ్వు చెప్పమ్మా, మీ భాషలోనే చెప్పు.”

కోర్‌కోర్ మైకు దగ్గరగా జరిగి, గట్టిగా, ప్రతి అక్షరం విడివిడిగా చెప్పింది. “మాటల్లోనే మంచం, మేడమ్.”

డాక్టర్ గారికి గా భాష బాగా వచ్చు. ఆయన గ్లాసెడు నీళ్ళు గడగడా తాగి ఇంకో గ్లాసు అందుకున్నారు. ఫీఫీ గారు తనకు తోచిన అర్థమేదో మేడమ్ చెవిలో వేశారు. ఆవిడ చేతులు జోడించి, “ఎంత కవిత్వం! మంచం కూడా మాట్లాడుతుందట!” అన్నారు. చప్పట్లు మోగాయి. మూడో అచ్చులో ఆ పేరే అంచు మీద వేయాలని అక్కడికక్కడే తీర్మానించారు. సిగ్గుపడినవాళ్ళు ఒక్కరూ కనిపించలేదు.

తర్వాతి వారం వాన పట్టుకుంది. దానితో పాటే కోర్‌కోర్‌కు నొప్పులు. ట్రోట్రో బండి వాణ్ణి బతిమాలి ప్రసూతి కేంద్రానికి తీసుకెళ్ళాం. ఉన్న మంచాలన్నీ నిండిపోయాయి. నర్సమ్మ డ్రోమో ముఖం తిప్పుకుని బీరువాలోంచి ఒక మడత తీసింది. ఫౌండేషన్ ‘తాత్కాలిక ఉపశమనం’ కింద తల్లికి రెండు గజాల చొప్పున గుడ్డ పంపిందట. నర్సమ్మ దాన్ని గచ్చు మీద పరిచింది.

“ఇదేనా?” అంది కోర్‌కోర్.

“ఇదేనే తల్లీ. పడుకో. నేనున్నాగా.”

కోర్‌కోర్ పసుపుపచ్చ మంచాల మీద, తడి గచ్చు మీద ఒరిగింది. నేను బయట వరండాలో కూర్చుని పళ్ళు కొరుక్కున్నాను. ఈసారి బిడ్డ ఏడ్చింది. ఆడపిల్ల. చెమ్మ తగలకుండా నర్సమ్మ తన గుండెకే హత్తుకుని ఎంతోసేపు ఎత్తుకు తిరిగింది. బతికిందంటే ఆ మనిషి ఒంటి వెచ్చదనం వల్ల బతికింది, ఎవరి శైలి వల్లా కాదు.

వాన తెరిపిచ్చాక ఫీఫీ గారు నివేదిక కోసం వచ్చారు. తడిసిన గుడ్డ పక్కన గొంతుక్కూర్చుని, వేలు పెట్టి, మంచాలు లెక్కపెట్టడం మొదలెట్టారు.

“ముప్పై రెండు!” అన్నారు లేచి. “ఒక్క తల్లికి ముప్పై రెండు మంచాలు. ఖండం మొత్తంలో ఏ ఆసుపత్రిలోనూ లేవు సార్!”

నర్సమ్మ ఆయన్ని కిందినుంచి పైదాకా చూసింది. “బాబూ, ఒక్కసారి వాటి మీద పడుకుని చూడు. నడుం ఏమంటుందో అదీ రాసుకో.”

ఆయన నవ్వి, తడి తగలని చోట గోడకు ఒక ప్రకటన అంటించారు. ఫౌండేషన్ ముద్రతో, చక్కటి అక్షరాల్లో ఇలా ఉంది: ‘తల్లులు ఇంటికి వెళ్ళేముందు తమ మంచాలను ఉతికి, ఆరవేసి, మడతపెట్టి అప్పగించవలెను. చిరిగిన మంచాలు స్వీకరింపబడవు.’

నేను ఉతికి ఇస్తానని ముందుకొస్తే, లబ్ధిదారు స్వయంగా ఉతికితేనే కృతజ్ఞత కింద నమోదవుతుందన్నారు. కోర్‌కోర్ బిడ్డను నా చేతికిచ్చి, గోడ పట్టుకుని కుళాయి దాకా నడిచి, గచ్చు మీద కూర్చుని తన ముప్పై రెండు మంచాలూ ఉతికి ఇచ్చింది.