గొంగడి కప్పుకున్న సేనాని

ఆదివారం పొద్దున విద్యాధర్ పెట్టుకున్నది పెద్ద పనేమీ కాదు. ఆరింటికి స్నానం చేయాలి, ఏడింటికల్లా కాకతీయుల కాలానికి వెళ్లిపోవాలి. పెద్దపల్లి నుంచి రామగిరి గుట్ట దాకా స్కూటర్ మీద, అక్కడి నుంచి కాలినడకన.

గుట్ట మీది కోటలో ఆ రోజు చరిత్ర ప్రేమికుల సంఘం వారు పాతకాలపు సైన్యం ఊరేగింపు పెట్టారు. ఎవరి వేషం అచ్చంగా ఆ కాలం నాటిదిలా ఉంటే వారే సేనాని, అందరికంటే ముందు నడిచేది వారే. విద్యాధర్ కాలేజీలో చరిత్ర పాఠాలు చెబుతాడు. చిన్నప్పుడు మంథని బస్సు కిటికీలోంచి ఆ గుట్టను చూసిన రోజు నుంచీ ఆయనకు ఒకటే కల. తాను ముందు నడుస్తుంటాడు, వెనక మంచులోంచి సైన్యం వస్తుంటుంది. యాభై ఏళ్లు నిండాయి, పొట్ట వచ్చింది, అయినా ఆ కల ఆయన్ని వదలలేదు పాపం.

వేషాలు ఎంపిక చేసే ప్రొఫెసర్ మమతారాణి హైదరాబాద్ నుంచి ముందే నియమాలు పంపింది. కుట్టు ఉండకూడదు, గుండీ ఉండకూడదు, ప్లాస్టిక్ అసలే కూడదు. విద్యాధర్ మూడు నెలలు తిరిగి మగ్గం మీద పంచె నేయించాడు, కమ్మరి దగ్గర కత్తి కొట్టించాడు. భుజాన వేసుకునే గొంగడి ఒక్కటే కుదరలేదు. బజారులో ఏది చూసినా అంచుకు మిషన్ కుట్టే.

"మా తమ్ముడు దుబాయ్ నుంచి తెచ్చిన రగ్గు ఉన్నది కదా, అది కప్పుకోరాదుండ్రి" అంది భార్య రచన.

"దాని మీద పులిబొమ్మ ఉన్నది రచనా! సేనాని ఎవడన్న పులిబొమ్మ రగ్గు కప్పుకుంటడా?"

"పులిని చూస్తే శత్రువులు జర భయపడ్తరనుకున్న" అని ఆమె చాయ్ పెట్టడానికి వెళ్లిపోయింది.

గుట్ట కింద మంచు పాలలా పరుచుకుని ఉంది. ఆ తెల్లదనంలోంచి ఒక నల్లటి గొంగడి నెమ్మదిగా కదులుతూ వచ్చింది. దాని లోపల గొర్ల కాపరి రాయమల్లు ఉన్నాడు గానీ విద్యాధర్ కళ్లకు గొంగడి తప్ప ఇంకేమీ కనపడలేదు. చేత్తో వడికిన ఉన్ని, ఒక్క కుట్టు లేదు!

"రాయమల్లూ, ఒక్క పూటకు గీ గొంగడి ఇయ్యవా?"

"నేనేం కప్పుకోవాలె సారూ? మంచు ఎట్ల కురుస్తుందో సూడుండ్రి."

విద్యాధర్ క్షణం ఆలోచించకుండా పంచె మీద వేసుకున్న తన కోటు విప్పి ఇచ్చాడు. కోటుకు 'విద్యాధర్, వక్త' అన్న బిళ్ల ఉంది. ఊరేగింపుకు ముందు కోట గురించి ఆయన నాలుగు మాటలు చెప్పాలి మరి. కాకతీయుల కాలంలో కళ్లద్దాలు లేవని గుర్తొచ్చి వాటినీ తీసి కోటు జేబులోనే వేశాడు. రాయమల్లు గొర్లను మేతకు విడిచి, కోటు తొడుక్కుని, చాయ్ తాగడానికి పోయాడు.

విద్యాధర్ గుట్ట ఎక్కసాగాడు. కాసేపటికి వెనక అడుగుల చప్పుడు వినిపించింది. ఒకటి కాదు, వంద. చిన్నగా గంటలు మోగుతున్నాయి. వెనక్కి తిరిగి చూస్తే మంచులో మసకమసకగా ఒక గుంపు. ఊరేగింపువాళ్లే అయ్యుంటారు! ఆయన గుండె ఝల్లుమంది. ఆయన ఆగితే వాళ్లూ ఆగారు, నడిస్తే నడిచారు. అబ్బో, ఏం క్రమశిక్షణ! కళ్లు చెమర్చాయి.

"వీరులారా! వెనుదిరగకండి!" అని కత్తి ఎత్తాడు. ఎవరూ వెనుదిరగలేదు. గొంగడి వాసన ఎటు పోతే అటు పోవడమే వాటికి తెలిసిన విద్య.

ఈలోగా చాయ్ తాగి వచ్చిన రాయమల్లుకు మంద కనపడలేదు. పరేషానై అడ్డదారిన గుట్టెక్కి కోట చేరాడు. జేబులో ఉంటే పగులుతాయని కళ్లద్దాలు కూడా పెట్టుకున్నాడు. సంఘం కార్యకర్త రంజిత్ బిళ్ల చదివి చెయ్యి పట్టుకున్నాడు.

"విద్యాధర్ సారూ, మీకోసమే చూస్తున్నం! రాండ్రి, మైకు తయారున్నది."

"నేను సారును కాదు బిడ్డా, నా గొర్లు..."

"పెద్ద పెద్ద సార్లు గిట్లనే అంటరు" అని రంజిత్ ఆయన్ని కోట ద్వారం ముందున్న వేదిక ఎక్కించాడు.

కోట గురించి చెప్పమంటే రాయమల్లుకు ఏం కొదవ? ఎండాకాలం ఏ గుంటలో నీళ్లుంటాయో, ఏ గోడ నీడన ఎండ తగలదో చెప్పాడు. ఇంత బాగా చెప్పే చరిత్రకారుణ్ణి చూడలేదని మమతారాణి చప్పట్లు కొట్టింది.

సరిగ్గా అప్పుడే విద్యాధర్ కత్తిని గొంగడి చాటున దోపుకుని కోట ద్వారంలోకి అడుగుపెట్టాడు. ఒక పొట్టేలు ఆయన మోచేతిని నాకింది. వంగి చూశాడు. మళ్లీ చూశాడు.

"ఏంది పెద్దమనిషీ, గొర్లను పక్కకు కొట్టు!" అని రంజిత్ అరిచాడు.

మమతారాణి పరుగున వచ్చింది. "కొట్టకు, కొట్టకు! కుట్టు లేదు, గుండీ లేదు. సైన్యం తిండికి మందను సుత తెచ్చిండు! ఇంత నిజమైన కాపరి వేషం నేనెక్కడ చూడలే. నీ పేరేంది తమ్మీ?"

"విద్యాధర్."

"విద్యాధర్ సార్ అగో, మైకు కాడున్నరు. నువ్వు అందరికన్న ఎనక నడువు. కాపరి జాగ అదే."

ముప్పై ఎనిమిదేళ్ల కల కళ్ల ముందే కూలిపోయింది. ఏడుపొక్కటే తక్కువ. ఉన్నవాళ్లలో నయమని విత్తనాల దుకాణం సంపత్‌ను సేనానిని చేశారు. సంపత్ కత్తి ఎత్తి కదలబోయాడు, కానీ పైకి పోవాల్సిన ఇరుకు ద్వారం నిండా గొర్లే. అదిలించారు, నెట్టారు, గడ్డి చూపించారు. ఒక్కటీ కదల్లేదు.

రాయమల్లు మైకులోనే చెప్పాడు. "అవి గొంగడి ఎనకనే నడుస్తయి. గొంగడి ముంగట పడితేనే తొవ్వ దొరుకుతది."

అని దిగివచ్చి చెయ్యి చాచాడు. "ఇటియ్యుండ్రి సారూ, నేను తోలుకపోత."

విద్యాధర్ గొంగడిని రెండు చేతులా గట్టిగా పట్టుకున్నాడు. "ఇయ్య. కోట పైకెక్కినంకనే ఇస్త."

"అద్దాలన్న పెట్టుకోండ్రి. మెట్లకు పాకురు పట్టింది, జారుతది."

"అద్దాలు పెట్టుకుంటే గొర్లు కనపడ్తయి రాయమల్లూ" అన్నాడు విద్యాధర్ మెల్లగా, ముందుకు నడుస్తూ.

వెనక వంద అడుగులు కదిలాయి. గొర్ల వెనక సంపత్, సంపత్ వెనక మమతారాణి, అందరూ నడిచారు. మంచులో తెల్లని బారు మెలికలు తిరుగుతూ పైకి సాగింది. విద్యాధర్ ఒక్కసారి తిరిగి చూసుకుని, చిన్నపిల్లాడిలా నవ్వుకున్నాడు.

ఆ పూట రామగిరిని జయించిన సేన, కోటలోని గడ్డంతా మేసి సాయంత్రానికి క్షేమంగా దిగివచ్చింది.