గుమ్మంలో బీరువా

ఆ పొద్దుటికి చిట్టి తల్లి వేసుకున్న పథకం చాలా చిన్నది. చిట్టి తండ్రి స్నానానికి వెళ్ళాలి. తిరిగొచ్చేసరికి పడకగది రూపురేఖలు మారిపోవాలి. అది చూసి ఆయన మనసు కూడా మారిపోవాలి. పదకొండింటికల్లా ముగ్గురూ కాలేజీలో ఉండాలి. సీట్లకి అదే ఆఖరి రోజు.

చిట్టి స్కూలు చదువు గట్టెక్కింది. లెక్కలంటే తనకి పడదు, తనంటే లెక్కలకీ పడదు. వెతగ్గా వెతగ్గా లెక్కలు అడగని కోర్సొకటి దొరికింది: ఇళ్ళ లోపలి అలంకరణ. రాత్రి ఆ మాట చెవిన పడగానే, లెక్కల గ్రూపు తప్ప ఇంకోటి వద్దనే తండ్రి అన్నం ముందునుంచి లేవబోయాడు.

"కుర్చీ అటు జరపడానికీ ఇటు జరపడానికీ కాలేజీ ఎందుకే? మీ అమ్మ రోజూ చేస్తూనే ఉందిగా!"

రోజూ చేస్తున్నావిడకి ఆ మాట సూదిలా గుచ్చుకుంది. అందుకే పొద్దున్నే కూతురి పక్షాన కొంగు బిగించింది. ఆయన పడకగదిలోని స్నానాలగదిలో దూరి కుళాయి తిప్పగానే, తల్లీకూతుళ్ళిద్దరూ దుప్పటి మెలితిప్పి బీరువా నడుముకి కట్టి, హాల్లో నిలబడి లాగడం మొదలుపెట్టారు. కొలవడమనేది ఆ ఇంటా వంటా లేదు. అందరిదీ కంటికొలతే.

"పడుతుందంటావా?" అంది తల్లి.

"కళ్ళతో చూస్తే తెలియట్లేదామ్మా? లాగు!"

సగందాకా వచ్చింది. కిర్రుమంది. గుమ్మంలో ఇరుక్కుని ఆగిపోయింది. ఇక ముందుకీ రాలేదు, వెనక్కీ పోలేదు. అప్పుడే లోపల కుళాయి శబ్దం ఆగింది.

"ఏమోయ్, నా చొక్కా ఏదీ?" అని బీరువా వెనకనుంచి గొంతు వినిపించింది. కాసేపటికి అదే గొంతు, "ఏమోయ్, గుమ్మం ఏదీ?" అంది.

చొక్కా ఉన్నది బీరువాలో. దాని తలుపులున్నది హాలువైపు. తల్లి చొక్కా, ప్యాంటు తీసి, వాటిని కిటికీలోంచి అందించడానికి వీధివైపు చుట్టూ తిరిగి బయల్దేరింది. ఆవిడ చేరేలోపే ఎదురింటావిడ కిటికీలోంచి చూడనే చూసింది. నడుముకి తువ్వాలు, రెండు చేతుల్లో కిటికీ ఊచలు, మొహంలో ఆవేదన.

"అయ్యో అన్నయ్యగారూ! ఏమిటీ అవతారం?"

"మా అమ్మాయమ్మా! కాలేజీకి టైమవుతోంది, నేను బయటికి రాలేకుండా ఉన్నాను!"

రాత్రి ఈ ఇంటి కేకలు విన్న ఎదురింటావిడకి అంతకంటే అక్కర్లేదు. నచ్చిన కోర్సులో చేర్చనంటే పిల్ల తండ్రిని గదిలో పెట్టి మూసేసిందన్న కబురు, తల్లి చొక్కా అందించేలోపే వీధి చివర దర్జీ కొట్టుదాకా పాకింది. కత్తెర చేత్తో పట్టుకునే దర్జీ పరుగెత్తుకొచ్చాడు. వెనకే పాలాయన, ఆ వెనక ఇంకో పదిమంది.

"ఒప్పేసుకోండి సార్! లెక్కలు రాకపోతే కొంపలేం మునగవు!" అన్నాడు దర్జీ.

"నాకు అడ్డం పిల్ల కాదయ్యా, బీరువా!"

"పాపం, ఇంత జరిగినా కూతుర్ని మాట పడనివ్వట్లేదు, చూశారా?" అని ఎదురింటావిడ కళ్ళొత్తుకుంది.

ఈ సందట్లోనే పక్కింటి లెక్కల మేస్టారు వచ్చారు. చిట్టికి హితబోధ చేయడానికి తండ్రి పిలిపించిన మనిషి ఆయన. బోధ పక్కనపెట్టి, టేపు తెప్పించి, గుమ్మం కొలిచి, బీరువా కొలిచి, జేబులోంచి సుద్దముక్క తీసి బీరువా తలుపు మీదే లెక్క వేశారు. చెరిపి మళ్ళీ వేశారు. చివరికి గొంతు సవరించుకున్నారు.

"లెక్క ప్రకారం ఈ బీరువా ఈ గదిలోకి వెళ్ళి ఉండే అవకాశమే లేదు."

"మరి పెళ్ళయినప్పట్నుంచీ నేను దేని పక్కన పడుకుంటున్నట్టు మేస్టారూ?" అంది లోపలి గొంతు.

బయట జనం పెరిగిపోతున్నారు. కిటికీ నిండా తలకాయలే. ఊపిరాడక తండ్రి అరిచేశాడు. "సరే! లెక్కలు వద్దు! దానికి నచ్చిందే చదువుకోమనండి!"

జనం చప్పట్లు కొట్టారు. దర్జీ ఆనందంతో కత్తెర ఊపాడు. సమస్య తీరిపోయిందని, మేస్టారు తప్ప అందరూ ఎవరిళ్ళకి వాళ్ళు వెళ్ళిపోయారు. బీరువా మీద చెయ్యి వేసినవాడు ఒక్కడూ లేడు.

అప్పుడు నాయనమ్మ నిద్ర లేచి హాల్లోకొచ్చింది.

"దాన్నెందుకు లాగారే? గదికంటే ముందొచ్చిన బీరువా అది. ఒక్క అంగుళం కూడా కదపనివ్వనని మీ మామగారు మొండికేస్తే, మేస్త్రీ దాని చుట్టూ గోడ లేపాడు."

"ఆ ముక్క ఇన్నేళ్ళలో ఒక్కసారైనా చెప్పలేదేం అత్తయ్యా?"

"ఇన్నేళ్ళలో దాన్ని ఎవరైనా లాగారా?"

లాగడం మానేసి నెట్టారు. మేస్టారు, చిట్టి, తల్లి ఇవతలినుంచి తోస్తే, అవతలినుంచి ఆయన లాగాడు. బీరువా మూలుగుతూ లోపలికి పోయింది. చెమటతో తడిసిన తండ్రి బయటపడి, చెప్పుల్లో కాళ్ళు పెడుతూ, "కిటికీ దగ్గరన్న మాటలు చెల్లవు. లెక్కల గ్రూపులోనే చేరుతున్నావు," అన్నాడు.

దారంతా చిట్టి ముక్కు ఎగబీలుస్తూనే ఉంది. కాలేజీలో తల్లి బతిమాలి ముందు ఆ అలంకరణ కోర్సు చూసే మేడం గదికే లాక్కెళ్ళింది. వద్దని మొహమ్మీదే చెప్పడానికి తండ్రీ వెంట వచ్చాడు.

"మీ ఇంట్లో ఏదైనా ఒక గది గీయమ్మా," అంది మేడం.

చిట్టి గీసింది. మేడం కళ్ళజోడు సర్దుకుని చూసింది.

"ఈ బీరువా ఈ గుమ్మంలో పట్టదే! తెలుసా నీకు?"

"తెలుసండీ."

"కొలిచావా?"

"లేదండీ. నాన్నని లోపల పెట్టి చూశాం."

మేడం నవ్వి నవ్వి, కళ్ళు తుడుచుకుంది. "సీటిస్తాను. కానీ ముందే చెబుతున్నా. ఇక్కడ లెక్కల పరీక్ష లేదుగానీ, కొలతలు మాత్రం రోజూ ఉంటాయి. గోడలు, గుమ్మాలు, మూలలు, అన్నీ."

తండ్రి చటుక్కున ముందుకి వంగాడు. "రోజూనా? కూడికలూ తీసివేతలూ అన్నీ ఉంటాయా?"

"అవి లేకుండా కొలతలేమిటండీ?"

"ఆ మాట ముందే చెప్పొద్దుటండీ! ఇప్పుడే చేర్చుకోండి!"

చిట్టి ఒక్క క్షణం ఆలోచించింది. పొద్దుట మేస్టారు పట్టిన టేపులాంటిదే మేడం బల్లమీద కూడా ఉంది. "కొలతలైతే ఫర్వాలేదండీ," అంది. "లెక్కలు కావుగా!"

తిరుగుదారిలో, లెక్కలు తప్పించుకున్నానని కూతురూ, తప్పించుకోనివ్వలేదని తండ్రీ ఒకరిని మించి ఒకరు సంబరపడుతూ నడుస్తున్నారు. ఇద్దరిలో పొరబడింది ఎవరో చెప్పాల్సిన తొందరేమీ తల్లికి కనపడలేదు.