కూసున్నందుకు కైకిలి

1958 ఆగస్టు తొమ్మిదవ తేదీ, శనివారం మధ్యాహ్నం. చొప్పదండికి అవతల ఒక చిన్న ఆసుపత్రి వరండాలో హాజరైనవారు: డాక్టరు అంబదాస్, మేట్రన్ మగ్దలేనమ్మ, డ్యూటీ దిగిన నర్సులందరూ. హాజరు కావాలని ఏమాత్రం కోరుకోనివారు: ఆ నర్సులందరూ.

ఉదయం సంతోషమ్మ వేసుకున్న పథకం చాలా చిన్నది. డ్యూటీ దిగగానే ఇంటికి వెళ్లి ఏడాది కొడుకును తాను ఎత్తుకోవాలి, అత్త బుచ్చవ్వ నాట్లకు వెళ్లాలి. ఈ పూట కూడా రాకపోతే ఆమె స్థానంలో మరొకరిని పెట్టుకుంటామని నాట్ల ముఠా పెద్ద చెప్పేసింది. అంటే ఈ పంటకారుకంతటికీ బుచ్చవ్వ కైకిలి, దినకూలి, పోయినట్టే.

అయితే అంబదాస్ హైదరాబాదులో శిక్షణ పొంది వచ్చాడు. సంస్థలను నడిపేవి సమావేశాలేనని అక్కడ ఆయనకు గట్టి నమ్మకం కుదిరింది.

"డ్యూటీ దిగినంక కూసోబెడితె పైసలిస్తరా సార్?" అని సంతోషమ్మ అడిగింది.

"అరే బాబా, కుర్చీల కూసునుడు గూడ పనా? జీతం పనికి. మీటింగుకు మాత్రం అందరు ఉండాలె."

ఆమె వరండా పక్కగా పోతున్న సఫాయి పనివాడు మొగిలిని పిలిచింది. "మొగిలన్నా, జర మా అత్తకు చెప్పవా! డాక్టర్‌సాబ్ అందర్ని కూసోబెట్టిండు, లేవనిస్తలేడు అని."

మొగిలి ఒక్క అక్షరం మార్చకుండా చెప్పాడు. చిక్కంతా అక్కడే వచ్చింది. పట్టపగలు ఒక పెద్దమనిషి పదిమందిని కూర్చోబెట్టి లేవనివ్వకపోవడమనేది ఆ ఊళ్లో పంచాయితీలో తప్ప జరగదు. బుచ్చవ్వ పిల్లవాడిని చంకనెత్తుకుని కులపెద్ద అంతయ్య ఇంటికి పరుగెత్తింది.

"అన్నా, నా కోడలిని పంచాయితిల కూసోబెట్టిన్రట! నువ్వు లేకుంటనే!"

"నేను లేకుంటనా?" అన్నాడు అంతయ్య. బుచ్చవ్వ చెప్పిన మొదటి మాట కన్నా రెండవ మాట ఆయనను ఎక్కువ నొప్పించింది.

ఆయన బయలుదేరడం చూసి నాట్ల ముఠా మోకాళ్ల బురదతోనే వెంట నడిచింది. జనాన్ని చూసి రోగులు వార్డు ఖాళీ చేశారు. కాలికి కట్టు ఉన్నవాడిని బంధువులు మంచంతో సహా మోసుకొచ్చారు. మలపాత్రల శుభ్రత గురించి నిలబడి ప్రసంగిస్తున్న అంబదాస్ వెనుదిరిగి చూసేసరికి ఆయన కుర్చీలో అంతయ్య ఉన్నాడు.

"పంచాయితి ఎవలు పిలిచిన్రు?"

"ఇది పంచాయితి కాదు, మీటింగు. నేనే పిలిచిన."

"నడుమల లేస్తె?"

"తప్పు."

"మాట్లాడాల్నంటె?"

"నా ఇజాజత్ కావాలె."

"గట్లనే అను. పంచాయితే." అంతయ్య కర్ర నేలకు ఆనించాడు. "పిలిచినోడే కూసున్నోళ్ల కైకిలి ఇచ్చుకోవాలె. మా తాతల సంది గదే కట్టడి."

"అరే, వీళ్లు పనేం చేస్తలేరు! ఊకె కూసున్నరు!"

"ఊకె కూసోబెట్టినవా? నాట్ల దినంల?" అంతయ్య నిజంగానే నివ్వెరపోయాడు. "అయితె నిండు కైకిలి!"

నాట్ల ముఠా చల్లగా వరండా మెట్ల మీద చతికిలబడింది. "మేము గూడ కూసున్నమయ్యా," అంది ముఠా పెద్ద. మంచం మీదివాడు చెయ్యెత్తాడు. "నేను పొద్దటి సంది పండుకొనే ఉన్న. నాకెంత?"

నవ్వుల మధ్య అంబదాస్ మనసులో కూడిక వేసుకున్నాడు. గేటు దగ్గర మరికొందరు కూర్చోవడానికి చోటు వెతుకుతున్నారు. ఆయన కాగితం తెమ్మన్నాడు. ఇకపై సమావేశ సమయానికి నర్సులకు వేతనం ఉంటుందని, చూడవచ్చినవారికి ఉండదని రాసి సంతకం చేశాడు. అంతయ్య వేలిముద్ర వేశాడు. చివరి ఆశగా అంబదాస్ అడిగాడు: "మరి నేను గూడ ఉన్న గద?"

"నువ్వు కూసోలే సాబ్," అన్నాడు అంతయ్య, కుర్చీ దిగకుండానే.

బుచ్చవ్వ మనుమడిని కోడలి ఒళ్లో పడేసి కొంగు బిగించింది. "నడువున్రి, ఇంక పొద్దున్నది!" అంటూ ముఠాకన్నా ముందే గేటు దాటింది. మగ్దలేనమ్మ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి బీరువాలో ఉతికిన దుప్పట్ల కింద దాచింది.

ఆ తరువాత ఆసుపత్రిలో తప్పనిసరిగా చర్చించవలసిన విషయాలు ఆశ్చర్యకరంగా తగ్గిపోయాయి.